ఇరుసు, కందెన, కరణము

ఈ సంచికకు ఏదైన వ్యాసము వ్రాసి పంపుమని మన సంఘమువారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. కృష్ణదేవరాయల సాహిత్యపోషణమును గూర్చియు, కోలారు, హోసూరు ప్రాంతముల తెలుగు పలుకుబడిని గూర్చియు వ్రాయగల పండితులు మనలో పెక్కురు కలరు. మేము ఈ నాలుగేండ్లలో డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్న విద్య వేరొకటి. అది మోటారుబండికి నూనె మార్పించు విద్య. జీవితమంతయు తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతికినవారు ఇంజను నూనెను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని సుమతీ శతకకారుడు కరణములతో మెలగవలసిన తీరు చెప్పబోయి, బండి యిరుసును, దానికి పెట్టు కందెనను ఉపమానముగా తెచ్చెను గదా! కందెనకును కరణమునకును గల సంబంధము ఎట్టిదో మాకు ఇప్పుడిప్పుడే తెలియవచ్చుచున్నది.

మా తాతగారి కాలమున ఇంటిముందు ఎద్దుబండి యుండెడిది. దాని క్రింద వెదురు గొట్టము వ్రేలాడుచుండెడిది. అందులో కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి దానిని చేసెడివారని మా నాయనగారు చెప్పెడివారు. సంతకు బయలుదేరుటకు ముందు చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసుకు కందెన పూసి, మరల సీల దిగగొట్టెడివారు. దానికైన ఖర్చును ఎవ్వరును లెక్కలో వ్రాసినట్లు లేదు. కందెన పెట్టుట మరచినచో మాత్రము ఊరంతయు వినునట్లు ఇరుసు కిఱ్ఱుమనెడిది. నేటి బండికి ఆ గుణము లేదు. నూనె చెడినను అది కిఱ్ఱుమనదు. మౌనముగా చెడును, తరువాత లక్షలలో మాటాడును.

మా అన్నగారు బెంగళూరు పీణ్యలో చిన్న యంత్రశాల నడపినవారు. నలుబదియేండ్లు స్కూటరుమీదను, పాతకార్లమీదను తిరిగి, విశ్రాంతి తీసికొనవలసిన వయస్సులో, 2019 లో, మెర్సిడిస్ బెంజి ఇ 220 డి అను డీసెలు కారును కొనిరి. ఆ పేరుమీద వారికి చిన్ననాటి మమకారము. 1954 మొదలుకొని టాటావారు బెంజివారి సహకారముతో జంషెడ్‌పూరులో లారీలు చేయుచుండగా, ఆ లారీల ముఖముమీది మూడుకొనల నక్షత్రమును చూచుచు పెరిగిన తరము వారిది. డీసెలు ఇంజనును సాధారణపు కారులో అమర్చి అమ్మకమునకు పెట్టిన తొలివారిలో బెంజివారొకరనియు, 1936 లో వచ్చిన ఆ కారు పేరు 260 డి అనియు అన్నగారు పండుగనాడు భోజనముల దగ్గర చెప్పుచుండెడివారు. మేము వినుచు పప్పు కలుపుకొనుచుండెడివారము.

2022 లో అన్నగారు కాలధర్మము చెందిరి. వారి పిల్లలు విదేశములలో ఉన్నారు. వదినెగారు హిందూపురము దాపునగల మా స్వగ్రామమునకు వెళ్ళి స్థిరపడిరి. వెళ్ళునాడు కారు తాళపుచెవిని మా చేతిలో పెట్టి, “అమ్మవలసి వస్తే అమ్ముకో నాయనా. నాకు మాత్రము చెప్పవద్దు” అనిరి. ఆ రెండవ మాట మమ్ము కట్టిపడవేసినది. ఉపాధ్యాయుని పింఛనుతో బెంజికారును పోషించుట యెట్లు? అమ్మినచో వదినెగారితో ఎట్లు మాటాడుట? మా ఇల్లాలు మాత్రము, “చూతము. ఒక సంవత్సరము లెక్క వ్రాసి చూతము” అనినది.

అన్నగారు ముందుగానే రుసుము చెల్లించిన మూడేండ్ల సర్వీసు ఒప్పందము ముగిసిన తరువాత, 2023 లో మొదటిసారి మేమే బండిని ఒక పెద్ద వర్క్‌షాపునకు తోలుకొనిపోతిమి. చల్లని గది, కాఫీ, మెత్తని కుర్చీ. చేత పలక పట్టుకొన్న యువకుడొకడు వచ్చి, మర్యాదగా మాటాడి, అంచనా చూపి, సంతకము చేయుమనెను. చేసితిమి. సాయంకాలమునకు ముప్పదియొక్క వేల రూపాయల బిల్లు వచ్చెను. “నూనె మార్చుటకు ఇంతయా?” అని మేము లోలోపల అనుకొంటిమే గాని పైకి అడుగలేదు. బెంజిలో వచ్చినవాడు ధరలడుగుట పరువుతక్కువ అను భ్రమ ఒకటి ఆ చల్లని గదిలో మనలను ఆవహించును.

ఆ రాత్రి మా ఇల్లాలు ఎఱ్ఱపెన్సిలు తీసికొని, మేము పూర్వము పరీక్షపత్రములు దిద్దినట్లు, ఆ బిల్లును పంక్తి పంక్తికి దిద్దినది. నూనె, నూనె ఫిల్టరు, వాని కూలి, పన్ను కలిసి సుమారు పందొమ్మిది వేలు. తక్కిన పన్నెండువేలు ఏమిటివి? ఏ.సి. గొట్టములను శుభ్రపరచుట, ఇంజను లోపల మసి తీయు మందు, చక్రముల వరుస సరిచూచుట, లోపలి తోలుకు మెఱుగు. వీనిలో ఒక్కటియు ఆ సంవత్సరము చేయవలెనని కారుతో ఇచ్చిన పుస్తకములో లేదు. ఆ చోటివారు మమ్ము మోసగించిరని అనజాలము. అన్నియు అంచనాలో వ్రాసియే చూపిరి. చదువక సంతకము పెట్టినది మేము. శతకకారుని కరణము చేత గంటము పట్టుకొన్నవాడు. మా కరణము చేత పలక పట్టుకొన్నవాడు. ఇద్దరియెదుటను చదువక వ్రేలుముద్ర వేసినవాని గతి యొక్కటే.

ఆ బిల్లు చూచిన భయముతో మరుసటి సంవత్సరము మేము చేసిన పని మరింత తెలివితక్కువది. నూనె మార్పించుటయే మానితిమి. పుస్తకములో 15,000 కిలోమీటర్లకు, లేక ఒక సంవత్సరమునకు, ఏది ముందు వచ్చిన దానికి నూనె మార్చవలెనని యున్నది. మేము మొదటి సగము చదివి రెండవ సగము విడిచితిమి. మల్లేశ్వరము సంతకు, గుడికి, వైద్యునికడకు తప్ప బండి కదలనే లేదు. నాలుగువేల కిలోమీటర్లయినను తిరుగలేదు. ఇంకను పదునొకండువేలు మిగిలియున్నవని సంతోషించితిమి. మరియొక వింత కూడ జరిగెను. ఈ బండికి నూనె కొలుచు పుల్ల లేదు. ముందుపలకమీదనే మట్టము చూపును. ఆ మట్టము తగ్గకపోగా నెలనెలకు పెరుగుచుండెను. వాడినకొలది పెరుగు నూనె! ద్రౌపది అక్షయపాత్ర మా ఇంజనులో చేరినదని ఇంటికి వచ్చినవారందరితోను చెప్పుకొంటిమి.

2024 వర్షకాలమున ఒకనాడు ముందుపలకమీద పసుపుపచ్చని దీపము వెలిగెను. మాకు తెలిసినవారొకరు జె.సి. రోడ్డు వెనుక సందులోని ఒక మేస్త్రికడకు పంపిరి. ఇరువదియేండ్లు పెద్ద వర్క్‌షాపులలో ఇట్టి బండ్లనే విప్పి బిగించి, తరువాత సొంత షెడ్డు పెట్టుకొన్న వ్యక్తి ఆయన. మదనపల్లె తెలుగు, బెంగళూరు కన్నడము, ఇంటి ఉరుదూ ఒకే వాక్యములో కలిపి మాటాడును. ఆయన తన కంప్యూటరు తగిలించి చూచి, బండిని పైకెత్తి, క్రింది బిరడా విప్పి నూనె దింపెను. పోసినదానికంటె ఎక్కువ దిగెను. చిటికెడు వ్రేళ్లమధ్య రాచి, వాసన చూచి, మా ముక్కుదగ్గర కూడ పెట్టెను. పెట్రోలుబంకు వాసన.

“ఇది ఆయిలు కాదు సార్. సగము డీసెలు” అని నవ్వెను. సగము అనుట ఆయన అలంకారము. మా అక్షయపాత్ర రహస్యము మాత్రము బయటపడెను.

ఆయన చెప్పినది మాకు అర్థమైనంతవరకు ఇక్కడ వ్రాయుదుము. డీసెలు కారున్నవారికి ఉపయోగపడును. దేశమంతట భారత్ స్టేజ్ 6 నిబంధన 2020 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. అన్నగారి కారు అంతకుముందే ఆ నిబంధనకు తగినట్లు తయారైనది. అట్టి డీసెలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టుకొను జల్లెడ యొకటి యుండును. మేస్త్రులు దానిని డి.పి.ఎఫ్. అందురు. మసి నిండినకొలది బండి తానే ఆ జల్లెడను దాదాపు 600 డిగ్రీల వరకు వేడిచేసి మసిని కాల్చివేయును. ఆ వేడికై ఇంజను కొంచెము డీసెలును ఆలస్యముగా చిమ్మును. కొన్ని నిమిషములపాటు ఎడతెగక దారిలో సాగినప్పుడే ఈ కాల్పు పూర్తియగును. సంతకు పోయి పదినిమిషములలో ఇంజను ఆపినచో పని సగములో నిలుచును. మరునాడు మరల మొదలిడును, మరల నిలుచును. ప్రతిసారి కాలని డీసెలు కొంత గోడవెంబడి జారి నూనెలో కలియును. నూనె పలుచబడును, మట్టము పెరుగును. పలుచబడిన నూనె ఇంజనులోని బేరింగులను కాపాడజాలదు. కావున తక్కువ తిరిగిన బండికి నూనె ఎక్కువకాలము వచ్చుననుట పట్టణములో పొరపాటు. తక్కువ తిరిగిన బండికే సంవత్సరపు గడువు ముఖ్యము.

ఒక్క సంవత్సరపు నూనె ఖర్చు మిగుల్చుకొనబోయి, ఇంజను నంతను పణముగా పెట్టితిమన్నమాట. ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. అన్నగారి బండి మా లోభముచేత చెడినదని వదినెగారికి చెప్పవలసివచ్చునేమో యని భయపడితిమి. అదృష్టవశమున అంతదూరము పోలేదు. మేస్త్రి ఆ జల్లెడను కంప్యూటరుతో కాల్పించి, దీపము నార్పివేసెను.

క్రొత్తనూనె పోయవలసివచ్చినప్పుడు మేము రెండవ తెలివి చూపబోతిమి. మా మేనల్లుడొకడు అనంతపురమున లారీలు నడపుచున్నాడు. “లారీకి పోయు నూనె పీపాలకు పీపాలున్నది మామా, ఎంత కావలెనో తీసికొనిపొమ్ము” అని డబ్బాడు నూనె ఇచ్చెను. అదియు డీసెలు ఇంజను నూనెయే గదా! పైగా ఉచితము. మేస్త్రి ఆ డబ్బామీది వ్రాత చదివి దానిని మూలకు జరిపెను. “ఇది పోస్తే ఈరోజు ఏమీ కాదు సార్. రేపూ ఏమీ కాదు. కొన్నేండ్లకు జల్లెడ పోతుంది. అప్పుడు మీరు నన్ను తలుచుకుంటారు” అనెను.

కారణమేమనగా, నూనెలో కలిపెడి మందులలో కాల్షియము, జింకు మొదలైన లోహములుండును. ఇంజనులో నూనె కొద్దికొద్దిగా కాలుచునే యుండును. అప్పుడు ఆ లోహములు బూడిదగా మిగిలి జల్లెడలో చేరును. మసి కాలిపోవును గాని బూడిద కాలదు. అది పేరుకొని పేరుకొని జల్లెడను మూసివేయును. క్రొత్త జల్లెడ ధర లక్షలలో నుండును. అందుచే ఇట్టి బండ్లకు బూడిద తక్కువ మిగిల్చెడి నూనెనే వాడవలెనని తయారుచేసినవారే నిర్ణయించిరి. బెంజివారి అంకెలు 229.51, 229.52, బి.ఎం.డబ్ల్యు. వారిది లాంగ్‌లైఫ్ 04. ఆడి, ఫోక్స్‌వాగన్ వారిది 507 00. ఐరోపా తయారీదారుల సంఘపు సి3 తరగతిలో బూడిద నూటికి 0.8 పాలు మించరాదు. మా తాతగారి కందెనకు మసియే బలము. మా అన్నగారి బండి నూనెకు బూడిదయే శత్రువు. కాలము తిరుగబడుట యనగా ఇదియే కాబోలు.

ఇక నిజమైన పొదుపు ఎక్కడ నున్నదో చెప్పెదము. అది నూనెలో లేదు, నూనె కొనుటలో నున్నది. 229.52 అను ఆమోదము గల నూనెను పెక్కు కంపెనీలు చేయుచున్నవి. డబ్బామీద నక్షత్రపు గుర్తు లేనంత మాత్రమున నూనెకు లోటు లేదు. చూడవలసినది ఆ అంకె. అందులోను ఒక సూక్ష్మము కలదు. “ఆమోదము పొందినది” అని వ్రాయుట వేరు. “ఈ బండ్లకు తగినది” అని వ్రాయుట వేరు. మొదటిది బెంజివారి మాట. రెండవది అమ్మువాని మాట. బెంజివారు తాము ఆమోదించిన నూనెల పట్టికను ప్రకటించుచునే యున్నారు, సరిచూచుకొనవచ్చును. ఫిల్టరు కూడ అంతే. కార్ల కంపెనీలకు ఫిల్టర్లు చేసి యిచ్చెడి మాన్, మాలే వంటివారు తమ పేరుతోను అమ్ముచున్నారు.

మరునాడు జె.సి. రోడ్డుకు పోయి మేమే కొంటిమి. నూనె ఏడు లీటర్లకు 6,300 రూపాయలు. రబ్బరు వలయములతో కూడిన ఫిల్టరు 1,400. బిరడా, దాని వాషరు 150. మేస్త్రి కూలి 1,500. మొత్తము 9,350. వెనుకటి బిల్లులో అనవసరపు పన్నెండువేలను విడిచి, కేవలము నూనెపనికైన పందొమ్మిదివేలతో పోల్చినను 9,650 రూపాయలు మిగిలినవి. ఎఱ్ఱపెన్సిలు ఆ అంకె చుట్టు సున్న చుట్టినది.

ఈ దారి పట్టువారు గుర్తుంచుకొనవలసినవి కొన్ని కలవు. వారంటీ యున్నంతకాలము కంపెనీవారి చెంతనే చేయించుట మంచిది. ఇంజనుకు ఏదైన వచ్చినచో వాదము లేకుండును. అప్పుడు ముందుగా చెల్లించెడి సర్వీసు ఒప్పందములు లాభమా కాదా యని లెక్క చూచుకొనవలెను. వారంటీ ముగిసిన తరువాత బయట చేయించినచో, నూనె కొన్న రసీదు, మేస్త్రి రసీదు, తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకములో అంటించి యుంచవలెను. రేపు బండి అమ్మవలసివచ్చిన నాడు ఆ పుస్తకమే సాక్ష్యము. కల్తీనూనె బజారులో నుండును గనుక తెలిసిన అంగటిలో రసీదుతో కొనవలెను. మూత ముద్ర చూడవలెను. ఖాళీ డబ్బాకు మేకు దించి చిల్లిపెట్టి మరీ పారవేయవలెను. లేనిచో అది మరల కల్తీనూనెతో నిండి మన యింటికే రావచ్చును. ఫిల్టరు మార్పక నూనె మాత్రము మార్చుట స్నానము చేసి మాసినబట్ట కట్టుట వంటిది. బ్రేకులు, గేరుపెట్టె, కంప్యూటరు చిక్కులు వంటివి సందులో చేయించుకొనదగిన పనులా కావా యని మేస్త్రినే అడుగవలెను. మంచి మేస్త్రి యైనచో తన హద్దు తానే చెప్పును.

చిన్న షెడ్లవారికి అసలు విడిభాగములు, పరికరములు దొరకనీయక పోవుట తగదని కాంపిటీషన్ కమిషనువారు 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై ఉత్తరువు వెలువరించిరి. దానిపై కంపెనీలు పైమెట్లెక్కిన మాట నిజమే. అయినను, మన బండిని మనకు నచ్చినవానిచేత బాగుచేయించుకొనుట దొంగపని కాదను ధైర్యము ఆ ఉత్తరువువలన చాలమందికి కలిగినది.

దింపిన పాతనూనెను గూర్చి కూడ ఒక మాట. మా మేస్త్రి దానిని పీపాలో నిలువచేసి, అనుమతి గల శుద్ధిదారులకు ఇచ్చును. వాడిన నూనెను ప్రభుత్వమువారు ప్రమాదకర వ్యర్థముగా లెక్కించిరి. ఇంటిముందు తామే నూనె మార్చుకొని, రాత్రివేళ రాజకాలువలో పోయువారున్నారని ఆయన చెప్పగా విని బాధపడితిమి. అట్టి పొదుపు మనది కాదు. చెరువు సొమ్మును దొంగిలించుట.

బండిని అప్పగించునాడు మేస్త్రి మరియొక మందు వ్రాసియిచ్చెను. “నెలకు ఒక్కసారైనా పొడుగుదారి పట్టించండి సార్. గంటసేపు ఆపకుండా పోనీయండి. జల్లెడ తనంతట తానే శుభ్రమవుతుంది” అనెను. పొడుగుదారి యనగా మాకు తెలిసినది ఒక్కటే. దేవనహళ్లి, చిక్కబళ్లాపురము, బాగేపల్లి దాటి మా ఊరికి పోవు దారి. అన్నగారు పోయిన తరువాత రెండేండ్లలో మేము ఆ దారిని పోయినది మూడుసార్లు మాత్రమే. ఖర్చు, తీరిక లేమి, వయస్సు అని మాకు మేమే చెప్పుకొనుచుంటిమి.

ఇప్పుడు ప్రతి నెల రెండవ ఆదివారము పోవుచున్నాము. జల్లెడకొరకు పోవుచున్నామని మొదట అనుకొంటిమి. ఆ తొమ్మిదివేల ఆరువందల యేబది రూపాయలు సంవత్సరములో కొన్ని ప్రయాణముల డీసెలునకు సరిపోవుచున్నవి. వదినెగారికి కంటిలో శుక్లము వచ్చినదని తెలిసినది అట్టి ప్రయాణములో ఒకదానిలోనే. ఫోనులో ఎన్నిసార్లడిగినను “బాగున్నాను” అనెడివారు. ఎదుట కూర్చుండి కాఫీ పోయుచు గిన్నె ప్రక్కన పోసినప్పుడు గాని మాకు తెలియలేదు. ఆ బండిలోనే బెంగళూరు తీసికొనివచ్చి చికిత్స చేయించితిమి.

లోభికి ఖర్చు రెండింతలని మన పెద్దలు ఊరక అనలేదు. మా అనుభవమున తేలినది ఇంతే. నూనె గడువును పొడిగించి మిగిల్చినది మిగులు కాదు. నూనె గుణమును తగ్గించి మిగిల్చినదియు మిగులు కాదు. బిల్లు చదివి, పుస్తకము చదివి, డబ్బామీది అంకె చదివి మిగిల్చినదే మిగులు. మన కందెనకు మనమే కరణములము కావలెను.

వెళ్ళిన ప్రతిసారి వదినెగారు వాకిటిలోనికి వచ్చి, బండిమీద చేయివేసి, “బండి బాగున్నదా నాయనా?” అని అడుగుదురు. మనుష్యుల క్షేమము తరువాత అడుగుదురు. మొన్న సంక్రాంతికి, “బాగున్నది వదినా, క్రిందటి వారమే నూనె మార్పించితిమి” అని చెప్పితిమి. ఆమె కొంచెముసేపు ఊరకుండి, “మీ అన్నగారయితే ఎంతయినదని అడిగియుందురు” అనిరి. మా ఇల్లాలు సంచిలోనుండి లెక్కపుస్తకము తీసి ఆమె చేతికిచ్చినది.